కొల్లేటి నేలలో ఎర్రగీత

లుబ్నా కొల్లేటిని మొదటిసారి మొత్తంగా చూసింది తాడేపల్లిగూడెంలో, కాలేజీ ల్యాబులో, కంప్యూటరు ముందు కూర్చుని.

అంతకుముందు చూడక కాదు. ఆమె పుట్టి పెరిగింది ఏలూరులో. తండ్రి నబీకి పవర్‌పేటలో పరుపులు కుట్టే కొట్టుంది. మేనత్త రజియాను కొల్లేటి లంకల్లో ఒకటైన గువ్వలలంకకు ఇచ్చారు. వేసవి సెలవులన్నీ లుబ్నాకు అక్కడే గడిచాయి. అందుకని ఆ సరస్సు ఆమెకు ముక్కలుగా తెలుసు. బస్సు కిటికీ పక్కన ఎంతకీ తరగని గుర్రపుడెక్క, చేపల చెరువుల్లో నురగలు చిమ్మే ఏరేటర్లు, గట్టుమీద రెక్కలు ఆరబెట్టుకునే నీటికాకులు, అత్తావాళ్ల వీధి చివర పడవలు కట్టేసే రేవు. ఏ ముక్కకి ఆ ముక్కే. సరస్సు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందని అడిగితే ఆ ఊళ్లో పుట్టినవాళ్లు కూడా చెయ్యి చాపి ఓ వైపు చూపించేవారు, అంతే.

ఎం.టెక్ రెండో ఏడాదిలో ప్రొఫెసర్ ప్రసాదరావు ఆమెకు అప్పజెప్పిన పని, ఉపగ్రహాలు తీసిన బొమ్మల్లో కొల్లేటి పచ్చదనం దాదాపు నలభై ఏళ్లుగా ఎలా మారుతూ వచ్చిందో తేల్చడం. ఆ బొమ్మల్ని ఎవరైనా ఇంటర్నెట్‌లోంచి ఊరికే దించుకోవచ్చు. పాత ఉపగ్రహాలు నెలకో రెండుసార్లు, కొత్తవి వారం తిరక్కుండానే మళ్లీ అదే చోటిమీదికి వస్తాయి. మబ్బు అడ్డం రాకపోతే వచ్చిన ప్రతిసారీ ఒక బొమ్మ. లుబ్నా నెలల తరబడి ఆ బొమ్మల్లోంచి మబ్బుల్ని తీసేసింది, మబ్బుల నీడల్ని తీసేసింది, ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చునేలా సర్దింది. చివరికి ఒకరోజు పొద్దున్నే వాటన్నిటినీ వరసగా పేర్చి, సినిమాలా నడిపించి చూసింది.

తెరమీద కొల్లేరు ఊపిరి తీసుకుంది. వానాకాలం రాగానే ఉబ్బి నాలుగు వైపులకీ పాకింది. ఎండలు ముదరగానే నడిమికి ముడుచుకుంది. మళ్లీ ఉబ్బింది, మళ్లీ ముడుచుకుంది. కొన్నేళ్లు గడిచేసరికి ఒక మూల చిన్న గడి కనపడింది, చేపల చెరువు. దాని పక్కన ఇంకొకటి. చూస్తుండగానే గళ్లు వరసలు కట్టాయి, వరసలు సరస్సు నడిబొడ్డుదాకా వచ్చాయి, నీరు కనపడకుండా పోయింది. ఆ తరవాత ఒక ఏడాది సర్కారువాళ్లు ఆ చెరువుల గట్లు తెగ్గొట్టారు. ఒక్కసారిగా గళ్లు చెదిరిపోయి వాటి చోట మళ్లీ నీరు, గడ్డి. ఇంకొన్నేళ్లకి అంచులనుంచి గళ్లు మెల్లగా తిరిగి రావడం. లుబ్నా పుట్టిన సంవత్సరం కూడా వచ్చింది, రెప్పపాటులో పోయింది. నలభై ఏళ్లు ఒక్క నిమిషంలో అయిపోయాయి.

ఆమె ఎప్పుడు లేచి నిలబడిందో ఆమెకే తెలియదు. వెనకాల అలికిడైతే తిరిగి చూసింది. తలుపు దగ్గర ప్రసాదరావు ఉన్నారు. ముప్పై ఏళ్లుగా ఇదే పనిలో ఉన్న మనిషి. కళ్లజోడు తీసి తుడుచుకుని పెట్టుకున్నారు.

"మరోసారి వెయ్యమ్మా," అన్నారు.

ఆ బొమ్మల్లో రంగులు మనం చూసే రంగులు కావు. బతికున్న ఆకు ఎండలోంచి కొంత వెలుగు తను తీసుకుంటుంది, కొంత వెనక్కి తిప్పి కొడుతుంది. ఆ తిప్పికొట్టేదాంట్లో మన కంటికి అందని వెలుగే ఎక్కువ. ఉపగ్రహానికి అది అందుతుంది. దాన్ని మనకు చూపించాలి కాబట్టి తెరమీద ఎరుపు వేస్తారు. ఆకు ఎంత ఆరోగ్యంగా ఉంటే అంత ఎరుపు. ఎండిపోయిన నేల బూడిదరంగులో, నీళ్లు నల్లగా కనపడతాయి. మొదట్లో లుబ్నాకు ఇది తికమకగా ఉండేది. కొన్నాళ్లకి ఎరుపు చూస్తే పచ్చగానే అనిపించడం మొదలెట్టింది.

ఆ అలవాటు వల్లే ఆమె కంట ఒకటి పడింది. ప్రతి ఏడూ ఎండలు బాగా ముదిరిన వారాల బొమ్మల్ని మాత్రం విడదీసి చూస్తోంది. అప్పుడు కొల్లేటి నేల చాలా మేర ఆరిపోయి, పగుళ్లిచ్చి, తెరమీద బూడిద పరిచినట్టుంటుంది. ఆ బూడిదలో సన్నని ఎర్రగీత ఒకటుంది. ముందు కెమెరా లోపమనుకుంది. కెమెరా లోపం గీసే గీత తిన్నగా ఉంటుంది. ఇది తిన్నగా లేదు. వంపులు తిరుగుతూ పోయింది. మరో ఏడాది బొమ్మ తెరిచింది. అక్కడా ఉంది. వేరే దేశం వాళ్లు పంపిన వేరే ఉపగ్రహం బొమ్మ తెరిచింది. అదే చోట, అవే వంపులు. కొన్ని చోట్ల తెగిపోతూ, చేపల చెరువుల కింద మాయమవుతూ, మళ్లీ అవతల తేలుతూ, సరస్సు నేలకి అడ్డంగా ఆగ్నేయంవైపు సాగింది.

ప్రసాదరావు చాలాసేపు చూశారు.

"ఏరమ్మా ఇది," అన్నారు చివరికి.

"ఏ ఏరండీ? అక్కడ ఏరు లేదు కదండీ."

"ఇప్పుడు లేదు. ఎప్పుడో ఉండేది. ఎన్ని వందల ఏళ్లో, వేల ఏళ్లో మనకి తెలీదు. కృష్ణ పాయో, గోదావరి పాయో, అసలు ఇంకేదైనా వాగో, అదీ తెలీదు. ఏరు పోయినా దాని ఇసుక ఎక్కడికీ పోదు. పైన ఒండ్రు కప్పేస్తుంది. ఆ ఇసుకలో చెమ్మ నిలుస్తుంది. చుట్టూ అంతా మాడిపోయినా దానిమీద గడ్డి ఇంకొన్నాళ్లు బతుకుతుంది."

లుబ్నా వేలు తెరమీద ఆ వంపు వెంబడి నడిచింది. ఆ వేలి కింద ఇప్పటి మనుషులెవరూ చూడని నది ఒకటి ఉందన్న మాట ఆమెకు వెంటనే బుర్రకెక్కలేదు. పైన ఏడువందల కిలోమీటర్ల ఎత్తున తిరిగే యంత్రానికి, నేల అడుగున పూడిపోయిన ఏరు కనపడింది. ఆ యంత్రం చూసింది గడ్డిని మాత్రమే. గడ్డి చెప్పింది మిగతాది.

"ఆ చెమ్మ మంచినీళ్లదేనంటారా అండీ?"

"ఉప్పుదైతే గడ్డి ఇంత బాగుండదు. అయినా నేల తవ్వి చూసేదాకా మనకేం తెలిసినట్టు కాదు."

ఎర్రగీత ఒకచోట ఒక లంక అంచులోకి చొరబడి అవతలివైపు తేలింది. లుబ్నా ఆ లంక పేరు చూడనక్కర్లేకపోయింది. రేవు వంపు చూస్తే చాలు. అది గువ్వలలంక.

*

కొల్లేటి మధ్య ఉండి నీళ్లకి ఇబ్బంది పడే ఊరంటే బయటివాళ్లు నమ్మరు. వేసవిలో సరస్సు తగ్గగానే సముద్రపు నీరు, సరస్సుని సముద్రంలో కలిపే ఉప్పుటేరు వెంట ఎగదన్నుకుని వస్తుంది. ఊళ్లో బోర్లన్నీ అప్పటికే ఉప్పు. తాగే నీళ్లు ట్యాంకరులో రావాలి, లేదా క్యానుల్లో కొనుక్కోవాలి. ట్యాంకరు వేళకి రాని రోజున రజియా కుట్టుమిషను ముందునుంచి లేచి బిందె తీసుకుని దానికోసం రోడ్డుదాకా వెళ్లి నిలబడేది. ఊరందరి జాకెట్లూ ఆమే కుడుతుంది. ఆమె భర్త హఫీజ్ చేపల చెరువుల మోటార్లు బాగుచేస్తాడు. పెద్దగా మాట్లాడే మనిషి కాదు.

ఏప్రిల్లో ఒక ఆదివారం లుబ్నా ల్యాప్‌టాప్ పట్టుకుని అత్త ఇంటికొచ్చింది. రజియా మెడలో టేపు అలాగే ఉంచుకుని తెరముందు కూర్చుంది.

"ఆకాశంలోంచి మా ఇల్లు కనపడుతుందా?"

"ఇల్లు కనపడదత్తా. ఊరు కనపడుతుంది. ఇదిగోండి, ఈ ఎర్రటి మచ్చ. ఇవి మీ చెట్లు."

"చెట్లు ఎర్రగా ఉన్నాయేంటి?"

లుబ్నా విడమరచి చెప్పింది. తరవాత గీత చూపించింది, ఏరు సంగతి చెప్పింది. రజియా ఆ గీతని ఈ చివరనుంచి ఆ చివరదాకా చూసింది.

"అంటే మా ఊరికిందనుంచి ఏరు పోతోందంటావు."

"ఏరు కాదండి. ఒకప్పుడు ఏరున్న చోటు."

"నీళ్లున్నాయా లేవా? అది చెప్పు."

"ఉండొచ్చండి."

"ఏ పక్క?"

అక్కడే ఉంది చిక్కు. ఆరిపోయిన సరస్సు నేలమీద గీత స్పష్టంగా ఉంది. ఊళ్లోకి వచ్చేసరికి కొబ్బరిచెట్లు, వేపచెట్లు, పాదులు అన్నీ ఎరుపే. ఎరుపులో ఎరుపు కలిసిపోయింది. ఊరికి ఇటు వచ్చిన గీత, అటు వెళ్లిన గీత రెండింటినీ మధ్యలో అంచనాగా కలపాలి. పైగా ఊరి పడమటంచున గీత రెండు పాయలుగా చీలినట్టు కనపడుతోంది. ఒకటి చర్చి వైపు, ఒకటి రజియా వాళ్ల వీధి వైపు. లుబ్నా అంతకు ముందురోజే కలిపి చూసుకుంది. ఆమె కలిపిన గీత రజియా పెరట్లోంచి పోయింది.

"మీ పెరట్లోనే అత్తా," అంది.

రజియా మొహంలోకి వచ్చిన వెలుగు చూశాక లుబ్నాకు ఇంకేమీ అనుమానం మిగల్లేదు.

హఫీజ్ బోర్లు వేసే యేసుదాసుని పిలుచుకొచ్చాడు. యేసుదాసు పెరడంతా చూసి, లుబ్నా చూపించిన చోట గడ్డపార గుచ్చి, "ఈ లంకలో నేను వేసినవన్నీ ఉప్పేనండి మేడంగారూ. మీరు చదువుకున్నవారు, వెయ్యమంటే వేస్తాను," అన్నాడు. చేతిబోరు అది. నలుగురు మనుషులు గొట్టాన్ని ఎత్తి నేలలోకి దింపుతూ ఉంటే బురద పైకి పొంగుకొస్తుంది. సంగతి తెలిసి వీధంతా వచ్చింది. కొందరు బిందెలతో వచ్చారు.

నల్లబంకమట్టి వచ్చింది. గొట్టం మీద గొట్టం అతికించి దింపుతూనే ఉన్నారు, నల్లబంకే వస్తోంది. పొద్దు వాలేవేళకి నీళ్లయితే పడ్డాయి. ముందు నిలబడ్డ ఒకావిడ దోసిట్లో పట్టుకుని నోట్లో పోసుకుని పక్కకి ఉమ్మేసింది. బిందెలు తెచ్చినవాళ్లు వాటిని చంకలో పెట్టుకుని వెళ్లిపోయారు. అది లుబ్నాకు తిట్టినదానికన్నా ఎక్కువైంది.

రజియా ఆమె చేతికి కాఫీగ్లాసు ఇచ్చి, "పోనీలేమ్మా. ఉప్పునీళ్లు మాకు కొత్తా ఏంటి," అంది. హఫీజ్ పార తీసుకుని గుంత పూడ్చాడు.

*

కాలేజీకి వచ్చాక లుబ్నా రెండురోజులు ఆ బొమ్మలు తెరవలేదు. మూడోరోజు ప్రసాదరావు తనే ఆమె బల్ల దగ్గరికొచ్చి కుర్చీ లాక్కున్నారు.

"నేల ఎలా ఉంది?"

"అంతా బంకేనండి. ఇసుక రవ్వ కూడా లేదు."

"ఊళ్లో నీ గీతకి ఆధారం ఏంటి?"

"అటూ ఇటూ ఉన్నదాన్ని కలిపానండి."

ఆయన మెత్తగానే అన్నారు. "ఎటు పోవాలని నువ్వు అనుకున్నావో అటు కలిపావేమో ఒకసారి చూసుకోమ్మా. అందరం చేస్తాం ఆ పని."

లుబ్నాకు చెవులు వేడెక్కాయి. ఆయన వెళ్లాక కొత్త బొమ్మలు పక్కనపెట్టి అన్నిటికన్నా పాతవి తీసింది. తను పుట్టకముందువి, కొల్లేట్లో చేపల చెరువులు ఇంకా రానప్పటివి. ఆ రోజుల్లో ఒక ఏడాది వానలు బాగా ఎగ్గొట్టినట్టున్నాయి. ఆ వేసవి బొమ్మలో సరస్సు దాదాపు అంతా బూడిదే. బొమ్మ ముతకగా ఉంది, చుక్కలు చుక్కలుగా ఉంది. అయినా గీత ఉంది. గువ్వలలంక పడమటంచున గీత ఒక్కటే. చీలిక లేదు. అది చర్చివైపు పోయింది.

ఇప్పటి బొమ్మలో రజియా వీధివైపు వచ్చిన పాయ ఏమిటో అప్పుడు అర్థమైంది. దాని పక్కనే ఒక చేపల చెరువుంది. చెరువు గట్టులోంచి ఊరే నీటికి ఆ వారన గడ్డి పెరిగింది. ఉపగ్రహం ఆ గడ్డిని ఉన్నదున్నట్టే చూపించింది. దాన్ని ఏరని పిలిచింది తను.

ఇంకా నమ్మకం చాలక మిగతా ఏళ్లు కూడా వరసగా తీసింది. చెరువు తవ్విన ఏడాదినుంచే ఆ రెండో పాయ ఉంది. చర్చివైపు పాయ అన్ని ఏళ్లలోనూ ఉంది. తడి ఏళ్లలో పలచగా, పొడి ఏళ్లలో స్పష్టంగా.

వెళ్లి చెప్పాలి. నీళ్ల సంగతి కన్నా ముందు తన పొరపాటు సంగతి చెప్పాలి. రైలు దిగి ఏలూరులో బస్సెక్కి గువ్వలలంక చేరేదాకా మాటలు కూడబలుక్కుంటూనే ఉంది. తీరా అత్త ఎదట కూర్చున్నాక అవేవీ గుర్తురాలేదు.

"అత్తా, ఆ గీత మీ పెరట్లోకి రాలేదు. నేనే లాగాను. మీకు నీళ్లొస్తే బాగుండునని లాగేశాను."

రజియా పళ్లమధ్య పట్టుకున్న దారం తీసింది. ఒక్క క్షణం లుబ్నా మొహంలోకి చూసి పకాల్న నవ్వింది. మిషను మీద వాలిపోయి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది.

"అయితే నదిని మా పెరట్లోకి తిప్పావన్నమాట. మీ మామయ్య వినాలి ఇది." కొంగుతో కళ్లు తుడుచుకుని, "మరి అసలు ఏరెక్కడుంది?" అని అడిగింది.

"చర్చి వెనకాల ఖాళీజాగాలో ఉండాలండి. ఈసారి కూడా తప్పవచ్చు."

"తప్పితే తప్పింది. పద."

చర్చి వెనక జాగా పక్కనే అంగన్‌వాడీ. దాన్ని నడిపే మెర్సీ ఆ చర్చి పెద్దల్లో ఒకావిడ. పిల్లలకి అన్నం వండడానికి రోజూ క్యాను మోయించుకొస్తుంది. మొన్న బోరు దగ్గర బిందెతో నిలబడ్డవాళ్లలో ఆవిడా ఉంది. రజియా మాట్లాడబోతుంటే లుబ్నా ఆపి, పాతబొమ్మ, కొత్తబొమ్మ పక్కపక్కన పెట్టి, తను చేసిన పొరపాటు దాచకుండా మొదట్నుంచీ చెప్పింది.

మెర్సీ ఓపిగ్గా విని, "ఈ పాతబొమ్మ ఎప్పటిదన్నారు?" అని అడిగింది.

"ఎనభైల్లోదండి."

"అప్పుడు మా నాన్నగారు ఉన్నారండి. ఆ ఎండాకాలం ఇక్కడే గేదెలు కాసుకుంటూ ఉండుంటారు." తెరవైపు ఇంకాస్త వంగింది. "అప్పుడు కూడా పైనుంచి చూస్తూనే ఉందన్నమాట."

"చూస్తూనే ఉందండి. మనమే ఇన్నాళ్లూ దాన్ని అడగలేదు."

"మా చర్చి సంఘంలో అడుగుతానండి. వద్దనరు. మొన్న అంత ఎండలో మీరు నిలబడడం అందరూ చూశారు."

*

ఈసారి ప్రసాదరావు కూడా వచ్చారు. బోరు వేస్తున్నారని తెలిసినా ఊళ్లోవాళ్లు పెద్దగా రాలేదు. వచ్చినవాళ్లు వట్టి చేతులతో వచ్చి నీడపట్టున నిలబడ్డారు. యేసుదాసు గొట్టం దింపుతూ, ఎంత లోతుకి ఏ మట్టి వచ్చిందో వేరువేరు కుప్పలుగా గోనెపట్టా మీద పోస్తున్నాడు. అలా పొయ్యమని ప్రసాదరావు చెప్పారు.

నల్లబంక. మళ్లీ నల్లబంక. లుబ్నా కొబ్బరిచెట్టుకి ఆనుకుని నిలబడింది. ఇంకో గొట్టం అతికించారు. బంక రంగు కాస్త విరిగి బూడిదరంగు అయ్యింది. అందులో పలచని నత్తగుల్లలు వచ్చాయి. ఇంకో గొట్టం. ఎత్తి దింపుతున్న మనుషులు ఉన్నట్టుండి ఆగారు.

"తేలిగ్గా దిగుతోందండి," అన్నాడు యేసుదాసు. గొట్టంమీద అరచెయ్యి ఆనించి కాసేపు వింటున్నట్టు నిలబడ్డాడు. "కరకరలాడుతోంది."

మరో నాలుగు పోట్లు వేసేసరికి పైకి పొంగిన బురద రంగు మారింది. లేత ఎరుపు. యేసుదాసు దోసిలి పట్టి, బురద వేళ్లసందుల్లోంచి జారిపోనిచ్చి, మిగిలినదాన్ని గోనెమీద పోశాడు. ఇసుక. ముతక ఇసుక. అందులో గింజలంత గులకరాళ్లు, నున్నగా అరిగినవి, ఎండకి మెరుస్తున్నాయి.

ప్రసాదరావు ప్యాంటు సంగతి చూసుకోకుండా నేలమీద చతికిలబడ్డారు. ఒక రాయి తీసుకుని బొటనవేలితో తిప్పుతూ లుబ్నాకి అందించారు.

"చూడు. నిలవనీళ్లు ఇంత బరువు మొయ్యలేవు. పారే నీళ్లు మోసుకొచ్చాయి దీన్ని. ఎంతో దూరంనుంచి దొర్లించుకుంటూ తెచ్చి ఉంటేగానీ ఇంత నున్నగా అరగదు."

లుబ్నా ఆ రాయిని అరచేతిలో పెట్టుకుంది. చల్లగా ఉంది. తెరమీద ఆమె చూసింది రంగు చుక్కల్ని. ఈ రాయి రంగు కాదు. ఏదో కొండలో పుట్టి, ఏదో నదిలో దొర్లి, ఇక్కడికొచ్చి ఆగిన రాయి. దాన్ని ఇక్కడ వదిలిన రోజున ఈ లంక లేదు, ఈ చర్చి లేదు, కొల్లేరుందో లేదో కూడా తెలియదు. అప్పటినుంచి చీకట్లో ఉండి ఇప్పుడే ఎండ చూస్తోంది. పక్కన మెర్సీ కూడా ఒక రాయి తీసుకుంది, తరవాత రజియా తీసుకుంది. నీడలో నిలబడ్డవాళ్లు ఒక్కొక్కరే వచ్చి కూర్చుని ఆ ఇసుకని వేళ్లతో కదిపి చూశారు. గుళ్లోనో మసీదులోనో మాట్లాడుకున్నట్టు గొంతులు తగ్గించి మాట్లాడుకున్నారు.

హఫీజ్ చిన్న మోటారు బిగించాడు. ముందు ఎర్రటి బురదనీళ్లు వచ్చాయి, చాలాసేపు అవే వచ్చాయి. తరవాత పలచబడ్డాయి. తరవాత గొట్టంలోంచి పడే ధార అవతల మనిషి కనపడేంత తేటగా అయ్యింది.

"పరీక్ష చేయించేదాకా తాగకండమ్మా," అంటున్నారు ప్రసాదరావు. అప్పటికే రజియా గ్లాసు పట్టి ఒక గుక్క నోట్లో పోసుకుంది. అందరూ ఆమెనే చూస్తున్నారు. ఆమె ఉమ్మలేదు. మింగింది. మళ్లీ ఇంకో గుక్క తాగింది. గ్లాసు మెర్సీ చేతిలో పెట్టింది.

మెర్సీ తాగి, "లుబ్నా గారూ," అని మాత్రం అంది.

ప్రసాదరావు జేబులోంచి ఉప్పు కొలిచే మీటరు తీసి నీళ్లలో ముంచారు. ఊళ్లో మిగతా బోర్లలో పెడితే నాలుగంకెలు చూపించే మీటరు అది. అంకెలు పరిగెత్తి మూడంకెల్లోనే, అందులోనూ కింది అంకెల్లోనే నిలబడ్డాయి. ఆయన మీటరు తీసి తుడిచి మళ్లీ ముంచారు. అంతే చూపించింది. ఆయన దాన్ని యేసుదాసుకి చూపించారు. యేసుదాసు తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు.

"ఈ లంకలో నేను పుట్టి పెరిగానండి," అన్నాడు. "దీనిమీదే నడిచాను ఇన్నాళ్లూ."

ఇంటికెళ్లినవాళ్లు ఈసారి బిందెలు తెచ్చుకున్నారు. పరీక్ష ఫలితం వచ్చేదాకా అన్నం వండడానికైతే వాడొద్దని మెర్సీ ప్రతి ఒక్కరికీ పేరుపేరునా చెప్పింది. కాళ్లు కడుక్కోవడానికి, మొహం కడుక్కోవడానికి పట్టుకెళ్లారు. పిల్లలు ధార కింద తలలు పెట్టారు. ఉప్పునీళ్లలో ఎన్నడూ రాని సబ్బు నురగ వచ్చిందని ఒకావిడ అందరికీ చెయ్యి చూపించింది.

*

మర్నాడు పొద్దున్నే, ఎండెక్కకముందు, రజియాకి ఒక కోరిక పుట్టింది.

"ఆ ఏరు ఎటునుంచొచ్చిందో చూపించవే. నడుస్తాను."

సరస్సు నేల అభయారణ్యం కిందికొస్తుంది కాబట్టి అక్కడ గడ్డపార వెయ్యడానికి లేదు. నడవడానికి అడ్డేముంది. లుబ్నా ఫోనులో గీత తెరిచింది. రజియా, మెర్సీ, రాత్రి ఊళ్లోనే ఉండిపోయిన ప్రసాదరావు, యేసుదాసు, ఇంకో పదిమంది దాకా ఆడవాళ్లు బయల్దేరారు. పగుళ్లిచ్చిన నేలమీద కొంతదూరం వెళ్లాక ఫోనులో నీలిచుక్క గీతమీదికి చేరింది. అందరూ ఆగారు.

ముందు ఎవరికీ ఏమీ కనపడలేదు. చుట్టూ అదే నేల, అదే తుంగ. లుబ్నా కూడా గాభరాపడింది. అప్పుడు ప్రసాదరావు, "కింద చూడకండి. దూరంగా చూడండి," అన్నారు.

చూశారు. వాలుగా పడ్డ పొద్దుటి ఎండలో తుంగ మిగతాచోట్ల ఎండి పసుపురంగు తేలింది. వాళ్లు నిలబడ్డచోట మాత్రం మొదళ్లలో పచ్చదనం ఉంది. ఆ పచ్చదనం బారుగా, రెండు రోడ్ల వెడల్పున, ముందు కుడివైపుకి వంగి, చాలా దూరం పోయి, మళ్లీ ఎడమకి తిరిగి, కంటికి ఆనక కలిసిపోయింది. ఒకసారి కనపడ్డాక ఇక కనపడకుండా పోలేదు. వాళ్లు నది మధ్యలో నిలబడి ఉన్నారు.

వెంకటనరసమ్మ అనే పెద్దావిడ, గేదెలున్న మనిషి, నడుంమీద చెయ్యి వేసుకుని అటూ ఇటూ చూసింది. "ఎండాకాలం వస్తే మా గేదెలు ఇటే పరిగెడతాయమ్మా. ఎందుకో అనుకునేదాన్ని."

రజియా చెప్పులు విప్పేసింది. ఎందుకత్తా అని లుబ్నా అడగలేదు. తనూ విప్పింది. అందరూ ఆ పచ్చటి బారు వెంట, వంపు వచ్చినచోట వంపు తిరుగుతూ నడిచారు. దూరంగా చేపల చెరువుల గట్లు అడ్డమొచ్చేదాకా నడిచారు. అక్కడ గీత గట్టు కిందికి దూరి మాయమైంది.

"అవతల ఉందా?" అని అడిగింది రజియా.

"ఉందండి. ఇంకా చాలా దూరం ఉంది. మధ్యలో ఇంకో మూడు ఊళ్లు తగులుతాయి."

"వాళ్లకి తెలుసా?"

"తెలీదండి."

"మరి నిలబడ్డావేం," అంది రజియా.

*

నీళ్ల పరీక్ష బాగానే వచ్చింది. పంచాయతీవాళ్లు చర్చి వెనక కుళాయి కట్టించారు. ప్రసాదరావు, ఇసుకలో ఉన్న నీళ్లకి కూడా ఒక లెక్కుంటుందని, చేపల చెరువులకి అందులోంచి తోడితే ఉప్పు ఎక్కేస్తుందని ఊళ్లో కూర్చోబెట్టి చెప్పారు. కొందరు ఒప్పుకున్నారు, కొందరు గొణిగారు. ఆ వాదన ఇంకా నడుస్తూనే ఉంది. మిగతా మూడు ఊళ్లలో రెండుచోట్ల ఇసుక తగిలింది. ఒకచోట తగల్లేదు. ఎందుకు తగల్లేదో లుబ్నా ఇప్పటికీ వెతుకుతోంది.

ఆగస్టులో ఆమె మళ్లీ గువ్వలలంక వచ్చేసరికి కొల్లేరు నిండింది. మెర్సీ ఆమెని గట్టుమీదికి తీసుకెళ్లింది. వేసవిలో వాళ్లు చెప్పుల్లేకుండా నడిచిన నేలంతా నీళ్లే. గాలికి అలలు లేస్తున్నాయి. గూడబాతుల గుంపు ఒకటి బరువుగా వాలింది. ఆ రోజు మబ్బు దట్టంగా ఉంది, పైనున్న యంత్రానికి కూడా ఏమీ కనపడదు.

"ఎటు పోయిందండీ మన ఏరు?" అని అడిగింది మెర్సీ.

లుబ్నా నీళ్లవైపు చెయ్యి చాపబోయి, ఎటు చూపించాలో తెలియక దించేసింది. ఇద్దరూ చాలాసేపు అక్కడే నిలబడ్డారు. వాళ్ల ముందు ఒక సరస్సు, దాని అడుగున ఒండ్రు, ఆ ఒండ్రు కింద ఎక్కడో ఎర్రటి ఇసుకలో, ఏ కంటికీ కనపడకుండా, తన వంపుల్లో తను పడుకుని ఉన్న నది.